పళవేర్కాడు: మన సరస్సుకు అవతలి ఒడ్డు

పులికాట్ అనగానే మనకు గుర్తొచ్చేవి ఫ్లెమింగోలు, రాకెట్లు. అదే సరస్సు దక్షిణపు కొసన, నాలుగు వందల ఏళ్ళ కిందట జావా, సుమత్రా దాకా బట్ట ఎగుమతి చేసిన రేవు ఒకటుంది. మూడు తరాల మనుషులం ఒక కారులో సర్దుకుని వెళ్ళి చూసొచ్చిన ఊరి కథ ఇది.

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు మీద బండి ఆపి, రెండు పక్కలా నీళ్ళలో నిలబడ్డ ఫ్లెమింగోలను ఫొటో తీసుకోని కుటుంబం మా వైపు ఉండదు. చలికాలం వస్తే నేలపట్టు చెట్ల మీద గూడబాతులు, సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో పండుగ, షార్ అంతరిక్ష కేంద్రం నుంచి రాకెట్ లేస్తే మేడల మీద జనం. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది కనుక ఇది మనదే అన్న ధీమా కూడా ఉంది. ఉప్పునీటి సరస్సుల్లో ఒడిశాలోని చిలికా తర్వాత దేశంలో దీనిదే రెండో స్థానం. ఇంత సరస్సుకు పేరిచ్చిన ఊరు మాత్రం మనవైపు లేదు. దక్షిణాన, తమిళనాడు తిరువళ్ళూరు జిల్లాలో, పొన్నేరి దాటాక వస్తుంది. తమిళులు పళవేర్కాడు అంటారు. తెల్లవాళ్ళ నోట అది పులికాట్ అయింది.

ఈ ప్రయాణానికి పట్టుబట్టింది మా నాన్న. తడ మండలంలో సరస్సు అంచున పుట్టిన మనిషి. ఆయనకు ఇది ప్రళయకావేరి. స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ చదివినవాళ్ళకు ఆ పేరూ, ఆ దీవుల మాటతీరూ తెలిసే ఉంటాయి. “ఇంతకాలం ఈ పక్కన నిలబడి ఆ పక్క చూసినాం. ఒక్కసారి ఆ పక్క నుంచి ఈ పక్క చూడాల,” అన్నాడు నాన్న. వెనక సీట్లో మా అత్తయ్య. వెంకటగిరిలో మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి ముప్ఫై ఏళ్ళకు పైగా చీరలు నేసిన మనిషి. ఆమె పక్కన పదో తరగతి చదివే మా అమ్మాయి, మూడో తరగతి చదివే మావాడు. ముందు సీట్లో నాన్న, ఇద్దరు ముసలివాళ్ళకూ మధ్య మజ్జిగ సీసాలూ మందుల సంచీ అందిస్తూ మా ఆవిడ.

తడ, ఆరంబాక్కం, గుమ్మిడిపూండి దాటి, పొన్నేరి దగ్గర తూర్పుకు తిరిగాం. కొంత దూరం వరిపొలాలు, ఆ తర్వాత గాలిలో ఉప్పు వాసన. బకింగ్‌హామ్ కాలవ కనబడగానే నాన్న కారు ఆపించాడు. “మా నాయన ఈ కాలవలోనే పడవ మీద శ్రీహరికోట కట్టెలు ఏసకొని పట్నం పొయ్యేవాడు. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గట్టు మీద తాడు పట్టి లాగేది,” అని పిల్లలకు చెప్పాడు. మద్రాసు పొయ్యిలకు శ్రీహరికోట కట్టెలు, మద్రాసు కుండలకు ఉత్తరాది బియ్యం, ఉప్పు మోసిన కాలవ అది. పెదగంజాం నుంచి మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు. లారీలూ రైళ్ళూ వచ్చాక పడవలు పోయాయి.

ఓడలు ఒడ్డుకు రాని రేవు

రేవు అంటే పెద్ద పెద్ద గోడలు, వాటికి కట్టిన ఓడలు ఉంటాయనుకున్నాడు మావాడు. పళవేర్కాడులో అవేమీ లేవు, ఎప్పుడూ లేవు కూడా. కోరమాండల్ తీరంలో పాతకాలపు రేవులన్నీ ఇంతే. ఒడ్డున లోతు చాలదు, కెరటాలు బాగా ముందే విరిగిపడతాయి. పెద్ద ఓడ దూరంగా సముద్రంలోనే లంగరు వేసేది. సరుకునూ మనుషులనూ చిన్న పడవలు చేరవేసేవి. ఆ పని చేసిన మసూలా పడవలకు మేకులు ఉండేవి కావు. పలకలను కొబ్బరిపీచు తాడుతో కుట్టేవాళ్ళు. మేకులు కొట్టిన పడవ అలల దెబ్బకు పగులుతుంది. కుట్టిన పడవ దెబ్బ తగిలినప్పుడల్లా కాస్త వంగి, మళ్ళీ సర్దుకుంటుంది.

మిగతా రేవులకు లేని సుఖం పళవేర్కాడుకు ఒకటుంది. ముఖద్వారం దాటి లోపలికి వస్తే, సముద్రానికీ ఊరికీ మధ్య సరస్సు. చిన్న నావలకు అలల భయం లేని నీళ్ళు అవి. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే అక్టోబరు నుంచి ఈ తీరం పొడుగునా ఓడలకు గండమే. ఆ లోపలే సరుకెత్తుకుని వెళ్ళిపోవాలి. ఏడాది పొడుగునా ఊళ్ళలో నేసిన బట్ట గోదాముల్లో పోగుపడి, గాలి అనుకూలించే ఆ కొద్ది నెలల్లో బయటికి పోయేది.

విజయనగర రాజుల కాలానికే ఇది పేరున్న రేవు. 16వ శతాబ్దం తొలినాళ్ళలో పోర్చుగీసు రచయిత దువార్తె బార్బోజా ఇక్కడి వ్యాపారం గురించి రాశాడు. బర్మాలోని పెగూ నుంచి కెంపులు వచ్చేవి, ఇక్కడి నుంచి రంగు బట్టలు పోయేవి. పోర్చుగీసువాళ్ళ తర్వాత డచ్చివాళ్ళు వచ్చారు. వాళ్ళు ముందు అడుగుపెట్టింది మన మచిలీపట్నంలో, 1605లో. బందరులో వలందపాలెం ఆ కాలానిదే. అక్కడి నుంచి దక్షిణానికి దిగి, 1610లో వెంకటపతి రాయల దగ్గర పళవేర్కాడులో వ్యాపారానికి అనుమతి పుచ్చుకున్నారు. రెండేళ్ళకే, ఇప్పటి చెన్నైలో ఉన్న శాంథోం నుంచి పోర్చుగీసువాళ్ళు వచ్చిపడి వాళ్ళ కొట్లను ధ్వంసం చేశారు. దానికి జవాబే 1613లో లేచిన గెల్డ్రియా కోట. కట్టించిన వెమ్మర్ వాన్ బెర్ఖెమ్ తన సొంత రాష్ట్రం గెల్డర్లాండ్ పేరే దానికి పెట్టుకున్నాడు. 1690లో మకాం నాగపట్నానికి మారేదాకా కోరమాండల్ తీరంలోని డచ్చి స్థావరాలకు పెద్దదిక్కు ఈ ఊరే. మచిలీపట్నం, నిజాంపట్నం, భీమునిపట్నం లెక్కలన్నీ ఒకప్పుడు ఇక్కడికే చేరేవి.

ఇంగ్లిషువాళ్ళు 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో వచ్చి చోటడిగితే డచ్చివాళ్ళు వెళ్ళగొట్టారు. వాళ్ళు నిజాంపట్నం, మచిలీపట్నం వైపు వెళ్ళి, తర్వాత ఈ సరస్సుకు ఉత్తరాన దుగరాజపట్నంలో కొట్లు పెట్టారు. అక్కడా కుదురుకోలేదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే దక్షిణానికి వెళ్ళి, 1639లో దామెర్ల వేంకటాద్రి నాయకుడి దగ్గర ఇసుకదిబ్బల చోటొకటి సంపాదించాడు. అదే మద్రాసు. వేంకటాద్రి తండ్రి దామెర్ల చెన్నప్ప పేరు మీద చెన్నపట్నం. పళవేర్కాడులో తలుపు తెరుచుకోక, దుగరాజపట్నంలో కాలు నిలవక తిరిగినవాళ్ళు కట్టుకున్న ఊరు, చివరికి పళవేర్కాడునే మింగేసేంత పెరిగింది.

బట్ట ఇచ్చి జాజికాయ

డచ్చివాళ్ళకు కావలసింది మన బట్ట కాదు, సుగంధ ద్రవ్యాలు. లవంగం, జాజికాయ, జాపత్రి పండేది తూర్పున ఉన్న దీవుల్లో. ఆ దీవులవాళ్ళు యూరప్ సరుకును పెద్దగా పట్టించుకోలేదు. వాళ్ళు కోరింది కోరమాండల్ బట్ట. చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం, ఎన్నిసార్లు ఉతికినా పోని రంగులు. కాబట్టి వెండీ బంగారం ఇక్కడ దింపి, బట్ట కొని, ఆ బట్టను దీవుల్లో ఇచ్చి జాజికాయలు ఎత్తుకునేవాళ్ళు. కోరమాండల్ బట్ట లేకపోతే సుగంధ దీవుల్లో వ్యాపారమే సాగదని డచ్చి అధికారి హెండ్రిక్ బ్రౌవర్ 1612లోనే తేల్చేశాడు. మలేషియా, ఇండోనేషియాల్లో మగవాళ్ళు కట్టే గళ్ళ లుంగీని ఇప్పటికీ ఈ రేవు పేరుతోనే పిలుస్తారు.

బట్ట ఎట్లా సేకరించేవాళ్ళో చెబుతుంటే అత్తయ్య కళ్ళు చిట్లించి విన్నది. డచ్చి కంపెనీ నేరుగా నేతగాడి దగ్గరికి పోయేది కాదు. మధ్యలో స్థానిక వర్తకులు. కంపెనీ వాళ్ళకు ముందుగా డబ్బిస్తే, వాళ్ళు ఊళ్ళ వెంబడి నేతగాళ్ళకు బయానా పంచేవాళ్ళు. ఆ డబ్బుతో నూలు కొని, నేసి, గడువులోగా అప్పజెప్పాలి. పొడుగు తగ్గినా, పోగు పలచనైనా ధర కోత.

“అంటే షావుకారు పద్ధతే కదయ్యా. మాకు తెలవంది ఏముంది ఇందులో?” అన్నది అత్తయ్య. “బయానా తీసుకున్నోడు ఇంకొకడికి నేసే పని లేదు. అప్పు తీరేదాకా మగ్గం వాడిదే, మనిషీ వాడిదే.”

చరిత్ర పుస్తకాలు ఒక అధ్యాయంలో చెప్పేది ఆమె రెండు ముక్కల్లో తేల్చేసింది.

రాళ్ళ తోట

ఊళ్ళో అందరూ ముందుగా చూపించేది డచ్చి శ్మశానం. గేటుకు అటొకటి ఇటొకటి రాతిలో చెక్కిన అస్థిపంజరాలు. మావాడు మా ఆవిడ కొంగు పట్టుకున్నాడు. మా అమ్మాయి సెల్ఫీ తీసుకుంది. లోపల కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో 76 సమాధులు. కొన్ని నేల మీద పరిచిన పెద్ద పెద్ద బండలు, కొన్ని గూళ్ళు కట్టినవి.

ఒక బండ పక్కన కూర్చుని చూస్తే పనితనం తెలుస్తుంది. అక్షరాలను రాతిలోకి తొలచలేదు. చుట్టూ ఉన్న రాయిని తీసేసి, అక్షరాన్ని ఉబ్బెత్తుగా నిలబెట్టారు. ఒక్క అక్షరం చెదిరితే వరసంతా పోయే పని. పైన కుటుంబ చిహ్నం, శిరస్త్రాణం, ఆకుల తీగ. చుట్టూ అంచు. అత్తయ్య చెప్పులు పక్కన విడిచి, ఆ అంచు వెంట వేలు పోనిచ్చింది. “బుటా ఎక్కడా తప్పలా. చెక్కినోడు మనవాడే అయ్యుంటాడు,” అన్నది. చెక్కింది ఎవరో రాతి మీద లేదు. పడుకున్నవారి పేరు, హోదా, తేదీ ఉన్నాయి. మా అమ్మాయికి ఆ భాషలో అంకెలు మాత్రమే అర్థమయ్యాయి. పోయిన ఏట్లోంచి పుట్టిన ఏడు తీసేస్తూ రాయి రాయికీ తిరిగింది. కాసేపటికి వచ్చి, “వీళ్ళలో కొందరు అమ్మ వయసు కూడా రాకుండానే పోయారు నాన్నా,” అంది. జ్వరాలు, విరేచనాలు, ఓడ ప్రయాణపు నీరసం. ఎక్కడో చలిదేశంలో పుట్టి ఇక్కడి ఎండలో పోయినవాళ్ళను చూస్తే జాలి పుట్టకుండా ఉండదు.

ఆ జాలి అక్కడే ఆగిపోతే మాత్రం ఈ ఊరు సగమే చూసినట్టు. ఈ రేవు నుంచి బట్టతోపాటు మనుషులనూ ఎగుమతి చేశారు. డచ్చి కంపెనీ కాగితాలు వెతికిన చరిత్రకారుల లెక్క ప్రకారం, 1621 నుంచి 1665 దాకా ఈ తీరం నుంచి 131 ఓడల్లో 38,441 మందిని బానిసలుగా తరలించారు. అందులో పళవేర్కాడు ముఖ్యమైన రేవు. కరువు వచ్చినప్పుడూ, నాయక రాజ్యాల మధ్య యుద్ధాలు రేగినప్పుడూ ఈ ఎగుమతి ఒక్కసారిగా పెరిగేది. తిండి లేక బిడ్డలను అమ్ముకున్నవాళ్ళు, తమను తామే అమ్ముకున్నవాళ్ళు, దళారులు ఎత్తుకొచ్చినవాళ్ళు. ఓడలు పోయింది బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు, ఇంకా సింహళానికి, తూర్పు దీవులకు. బందా దీవుల్లో స్థానికులను 1621లో ఊచకోత కోసి, ఆ జాజికాయ తోటల్లో డచ్చివాళ్ళు బానిసల చేత పని చేయించారు.

అంటే వ్యాపారం ఒక్క తాడే. ఒక కొసన నేతగాడి బట్ట, ఇంకో కొసన దీవుల జాజికాయ. ఆ జాజికాయ కోయడానికి కావలసిన మనుషులనూ బట్ట పోయిన ఓడల దారినే పంపారు. కోటలో మందుగుండు తయారు చేసి, తూర్పున కంపెనీ చేసే యుద్ధాలకు పంపింది కూడా ఇక్కడి నుంచే.

శ్మశానంలో ఈ సంగతి చెప్పే బోర్డు మాకు కనబడలేదు. అత్తయ్య అడిగిన మాట మాత్రం వెంట వచ్చింది. “ఇంతమంది పేర్లు ఇంత ముద్దుగా రాసుకున్నారు సరే. ఆ నేసినోళ్ళవి, ఆ ఓడెక్కించినోళ్ళవి యాడన్నా ఉండాయా?”

కోట ఏదీ?

కోట చూడాలని మావాడు ఉరుకులు పెట్టాడు. గోల్కొండలాంటిది ఊహించుకున్నట్టున్నాడు. చూపించింది ముళ్ళకంప కప్పిన దిబ్బలు, ఇటుక ముక్కలు, కందకం ఆనవాలు. 1781లో నాగపట్నం ఇంగ్లిషువాళ్ళ పాలయ్యాక డచ్చివాళ్ళ మకాం మళ్ళీ ఇక్కడికి వచ్చింది. అప్పటికి పాత దర్జా లేదు. ఊరు చేతులు మారుతూ వచ్చి, కోట నేలమట్టమై, 1824 నాటి ఒప్పందంతో మిగిలిందేదో ఇంగ్లిషువాళ్ళ పరమైంది. తుపాకీ మందూ, బంగారు నాణేలూ తయారైన చోట ఇప్పుడు మేకలు మేస్తున్నాయి.

డచ్చివాళ్ళ కంటే ముందున్న ఊరు కావాలంటే ఆదినారాయణ పెరుమాళ్ గుడికి వెళ్ళాలి. ఎర్రటి లాటరైట్ రాతి గుడి, రామాయణ కథను చిన్నచిన్న పలకల్లో చెక్కారు. అక్కడికి దగ్గర్లోనే మసీదులు. ఇక్కడి ముస్లిం కుటుంబాలు తమ పూర్వీకులు అరేబియా నుంచి పడవల్లో వచ్చారని చెప్పుకుంటాయి. ఓడ వ్యాపారంలో ఆరితేరినవాళ్ళు. తమిళాన్ని అరబ్బీ లిపిలో రాసుకునే అర్వి పద్ధతి వాళ్ళది. చిన్న మసీదు ఆవరణలో ఒక సూర్యగడియారం ఉంది. నీడ ఎక్కడ పడిందో చూసి నమాజు వేళ తెలుసుకునే ఏర్పాటు. మా అమ్మాయి సెల్‌ఫోన్‌లో టైము చూసి నీడతో సరిపోల్చుకుంది. ఇక్కడి ఆడవాళ్ళు తాటాకుతో అల్లే బుట్టలు, పెట్టెలు కూడా పేరున్నవే. అత్తయ్య ఒక బుట్ట తిరగేసి అడుగు అల్లిక చూసి, బేరం ఆడకుండా అడిగినంత ఇచ్చేసింది. ఆమె బేరం ఆడకపోవడం మా ఇంట్లో వార్త.

రొయ్య చేతికి తగిలేదాకా

సాయంత్రం సరస్సు ఒడ్డుకు చేరాం. నడుము లోతు నీళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు. వల లేదు, గాలం లేదు. నీళ్ళలో కూర్చున్నట్టుగా వంగి, రెండు చేతులతో అడుగు బురద తడుముతూ మెల్లగా జరుగుతున్నారు. చేతికి తగిలిన రొయ్యను పట్టి, పళ్ళ మధ్య కరచుకున్న తాటాకు సంచిలో వేస్తున్నారు. చేతులు ఖాళీగా ఉండాలి కనుక సంచి నోటితో పట్టాలి. ఇరుళర్ గిరిజనుల పద్ధతి ఇది. మన ఒడ్డున యానాదుల్లాగే వాళ్ళూ ఈ నీళ్ళనే నమ్ముకున్నవాళ్ళు.

పెద్ద వలలు వేసే ఊళ్ళకు ‘పాడు’ అనే కట్టుబాటు ఉంది. సరస్సులో చేపలు బాగా దొరికే చోట్లు కొన్నే. ఏ రోజు ఎవరు ఏ చోట వల వెయ్యాలో ఊరివాళ్ళే వంతులు వేసుకుంటారు. నేడు మంచి చోటు దక్కినవాడికి రేపు మామూలు చోటు. ఏ ప్రభుత్వమూ రాసిపెట్టని చట్టం, తరాలుగా నడుస్తోంది. వంతులో చోటులేని వాళ్ళకు మాత్రం ఇది మూసిన తలుపే. రాష్ట్రాల సరిహద్దు గీత నీళ్ళ మీద కనబడదు కనుక, ఆంధ్ర పడవలకూ తమిళ పడవలకూ మధ్య తగాదాలు అప్పుడప్పుడూ పోలీసుల దాకా పోతుంటాయి.

రెండు ఒడ్డులకూ ఉన్న అసలు బెంగ ఒకటే, ఇసుక. సముద్రం నుంచి ఆటుపోటు లోపలికి వస్తేనే సరస్సు బతుకుతుంది. రొయ్యపిల్ల, పీతపిల్ల ఆ దారినే వస్తాయి. ముఖద్వారాలకు ఇసుక మేట వేస్తే నీళ్ళు వేసవిలో విపరీతంగా ఉప్పెక్కుతాయి, సరస్సు అంచులు ఎండి బీటలు వారతాయి. మనవైపు రాయదొరువు దగ్గర పూడిక తీయాలని ఏళ్ళుగా అడుగుతున్నారు. పళవేర్కాడు వాళ్ళు తమ ముఖద్వారం గురించి అదే అడుగుతున్నారు. దక్షిణాన ఎన్నూరు, కాట్టుపల్లి రేవులు వచ్చాయి. కాట్టుపల్లి రేవును పెంచితే తీరం ఇంకా కోసుకుపోతుందని ఇక్కడి మత్స్యకారులు ఎదురు తిరిగారు. పెద్ద ఓడలు కావాలన్న కోరిక ఈ తీరానికి కొత్తేమీ కాదు. వాటి వల్ల ఎవరికెంత మిగులుతుందన్న ప్రశ్న కూడా పాతదే.

“ఉత్తరాన నీళ్ళు తగ్గితే ఇక్కడ చేప తగ్గుతుంది. ఇక్కడ మొగ పూడితే మనకాడ నేల పగులుతుంది. గీత గీసినోళ్ళకు ఇది తెలవదా?” అన్నాడు నాన్న, ఉత్తరం వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ.

పళవేర్కాడుకు ఎక్కువ ఖర్చుతో పని లేదు. ముళ్ళకంప కొట్టి కోట హద్దులు కనబడేలా చెయ్యాలి. సమాధుల దగ్గర తమిళం, తెలుగు, ఇంగ్లిషుల్లో ఒక బోర్డు పెట్టి, ఇక్కడ పడుకున్నవాళ్ళు ఏ వ్యాపారం చేశారో, ఆ బట్ట ఎవరు నేశారో, ఆ ఓడల్లో ఎంతమందిని ఎక్కించారో రాయాలి. పేర్లు దొరకనివాళ్ళకు ఆ అంకెలైనా దక్కాలి. మన వైపు కూడా చెయ్యాల్సింది ఉంది. సూళ్ళూరుపేటకు పక్షుల కోసం వచ్చే వేలమందికి ఈ సరస్సు మీద ఒక రేవు ఉండేదని, ఆ రేవు మన మగ్గాల మీద నడిచిందని చెప్పేవాళ్ళు కావాలి. బడిపిల్లలను రాకెట్ చూపించడానికి తీసుకొచ్చే బస్సు ఇంకో గంటన్నర ముందుకు పోతే చాలు, చరిత్ర పాఠం కళ్ళ ముందే ఉంటుంది.

వెళ్ళాలనుకుంటే

దారి: చెన్నైకి ఉత్తరాన సుమారు 60 కిలోమీటర్లు. రైల్లో వచ్చేవాళ్ళు చెన్నై–గూడూరు మార్గంలో పొన్నేరి స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి బస్సో ఆటోనో పట్టుకోవచ్చు. నెల్లూరు వైపు నుంచి కారులో వచ్చేవాళ్ళు జాతీయ రహదారి మీద గుమ్మిడిపూండి దాటాక పొన్నేరి వైపు తిరగాలి.

కాలం: నవంబరు, డిసెంబరుల్లో వానలు, తుపాన్ల సంగతి చూసుకుని బయల్దేరాలి. జనవరి, ఫిబ్రవరి నెలలు హాయి, పక్షులూ ఉంటాయి. వేసవిలో అయితే పొద్దున్నే చూసేసుకోవడం మంచిది, శ్మశానంలో నీడ తక్కువ.

పిల్లలతో: ఒడ్డున ఎవరైనా పడవ షికారుకు పిలిస్తే ఎక్కవద్దు. 2011 డిసెంబరు 25న ఇక్కడ పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. ఆ తర్వాత విహార పడవలను నిషేధించారు. సరస్సు లోతు తక్కువే అయినా ముఖద్వారం దగ్గర లాగుడు ఎక్కువ.

మర్యాద: సమాధి బండల మీద ఎక్కడం, కూర్చోవడం, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం చేయవద్దు. మసీదు, గుడి ఆవరణల్లో ఫొటోలకు ముందు అడగాలి.

తిండి: రొయ్యలు, పీతలు, పండుగప్ప తాజాగా దొరికే ఊరు. ఇంటికి తెచ్చుకోవాలంటే ఐసు పెట్టె వెంట ఉంచుకోండి.